దారిలో కలిసినవారు: జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్



పునీత తోమాసు అక్వినాసు గారు దైవపాలనను గూర్చి బోధిస్తూ ఒక చిన్న ఉపమానం చెబుతారు. ఒక యజమాని తన సేవకులిద్దరిని, ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా, ఒకే చోటికి పంపుతాడు. అక్కడ వారిద్దరు ఎదురుపడి ఆశ్చర్యపోతారు. వారి మటుకు అది అనుకోని కలయిక. పంపిన యజమానికి మాత్రం అది అనుకున్నదే. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో ఈ మాటను పరీక్ష కోసం బట్టీ పట్టాను. దాని బరువు మాత్రం చాలా ఏళ్ళ తరువాత, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దారులలో తిరుగుతున్నప్పుడు తెలిసింది.

ఈ మూడు ఊళ్ళు మనలో చాలామందికి పరిచయమైనవే. సిరిసిల్ల అనగానే మరమగ్గాల చప్పుడు చెవిలో పడుతుంది. కోరుట్ల అనగానే గడపలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులు కళ్ళముందు మెదులుతారు. జగిత్యాల అనగానే పాత కోట, చుట్టూ మామిడి తోటలు, వరి పొలాలు గుర్తుకు వస్తాయి. దుబాయి, మస్కటు వెళ్ళిన కొడుకుల కోసం ఎదురు చూసే ఇళ్ళు మూడు చోట్లా ఉన్నాయి. ఈ గడ్డమీద పుట్టి, ఈ గడ్డమీదనే చేతిపని నేర్చి, తెలుగు కవిత్వంలో చెరగని గుర్తు వేసి, నలభై ఏళ్ళు నిండకముందే కన్నుమూసిన ఒక మనిషిని గూర్చి ఈ వారం చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు అలిశెట్టి ప్రభాకర్. మన ప్రాంతపు బిడ్డ కనుక ఏకవచనంలోనే రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

ముందుగా ఒక మాట. ప్రభాకర్ మన విశ్వాసానికి చెందినవాడు కాడు. ఆయనను పునీతునిగా చూపడం నా ఉద్దేశం కాదు. అతని భావాలు ఎర్రజెండా వైపు మొగ్గినవి. అతడు కన్నుమూసిన 1993వ సంవత్సరంలో నేను గురువిద్యార్థిని. అతనిని ఎన్నడూ చూడలేదు. అయినను దేవుడు మనిషికి ఇచ్చిన వరం ఎట్లా బయటపడుతుంది, ఎవరి చేతులమీదుగా పెరుగుతుంది, ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుంది అని అడిగినప్పుడు, నాకు దగ్గరలో కనిపించే జీవితం అతనిదే.

ప్రభాకర్ జగిత్యాలలో పుట్టాడు. పెద్ద కుటుంబం. తండ్రి గతించడంతో ఇంటి భారం చిన్న వయసులోనే భుజాలమీద పడింది. చదువు ఎక్కువ దూరం సాగలేదు. అయితే అతని చేతిలో ఒక వరం ఉంది. బొమ్మలు గీసేవాడు. ఎవరో దగ్గర కూర్చోబెట్టి నేర్పిన విద్య కాదది. పండుగలు, చెట్లు, కొండలు, సినిమా తారల ముఖాలు గీసి పత్రికలకు పంపేవాడు. ఆ వయసు పిల్లలు చాలామంది చేసే పనే అది. అంతటితో ఆగిపోయి ఉంటే, ఆ ఊరిలో బొమ్మలు బాగా వేసే పిల్లవాడు ఒకడు ఉండేవాడని నాలుగు రోజులు చెప్పుకొని మరచిపోయేవారు.

అప్పుడు జగిత్యాలలో సాహితీ మిత్రదీప్తి అనే సంస్థ ఉండేది. పట్నంలోని పెద్ద సభల వంటిది కాదు. చిన్న ఊరిలో, పుస్తకాలమీద ప్రేమ ఉన్న కొందరు ఒకచోట చేరి, రాసుకున్నది ఒకరికొకరు వినిపించుకునే మిత్రబృందం. బొమ్మలు గీసే ప్రభాకర్‌కు వీరితో పరిచయం కలిగింది. ఆ పరిచయమే అతనిని కవిత్వం వైపు మళ్ళించింది. 1974లో ‘ఆంధ్ర సచిత్ర వారపత్రిక’లో ‘పరిష్కారం’ అనే అతని తొలి కవిత అచ్చయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ మిత్రులు ఒక మహాకవిని తయారు చేద్దామని సమావేశాలు పెట్టుకోలేదు. ప్రభాకర్ కూడా కవి కావాలన్న పట్టుదలతో వారిని వెదకుతూ వెళ్ళినవాడు కాడు. ఎవరి దారిన వారు వచ్చారు, కలిశారు. తోమాసు గారి ఉపమానంలోని సేవకులవలె ఒకచోట ఎదురుపడ్డారు.

రెండవ కలయిక సిరిసిల్లలో జరిగింది. ఇది కవిత్వానికి సంబంధించినది కాదు, పొట్టకూటికి సంబంధించినది. ఇల్లు గడవాలి. కవితలు ఇల్లు నడపవు. ప్రభాకర్ సిరిసిల్లలోని ఒక ఫోటో స్టూడియోలో పనిలో చేరి ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు.

ఆనాటి ఫోటో స్టూడియో ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. సెల్‌ఫోను నొక్కగానే బొమ్మ కనిపించే రోజులు కావు. ఫోటో తీసిన రీలును చీకటి గదిలో కడగాలి. ఆ గదిలో చిన్న ఎర్ర బల్బు ఒక్కటే వెలుగుతుంది. ఎందుకంటే నలుపు తెలుపు ఫోటో కాగితం ఎర్రని వెలుతురుకు పాడు కాదు, తెల్లని వెలుతురు తగిలితే మాత్రం మొత్తం నల్లబడుతుంది. కాగితాన్ని ఒక తొట్టిలోని డెవలపర్ నీళ్ళలో వేసి మెల్లగా కదిలిస్తుంటే, ఏమీ లేని తెల్లని కాగితంమీద మొదట కన్ను, తరువాత ముక్కు, తరువాత మొత్తం ముఖం మెల్లమెల్లగా పైకి తేలుతుంది. సమయం చూసి తీయాలి. క్షణం ఎక్కువైతే నల్లబడుతుంది, తక్కువైతే పాలిపోతుంది. ఆ తరువాత హైపో నీళ్ళలో వేస్తే ఆ బొమ్మ నిలిచిపోతుంది. నెగటివుమీద సన్నని పెన్సిలుతో మచ్చలు దిద్దడం మరొక విద్య. ఇది పుస్తకం చదివి వచ్చేది కాదు. తెలిసినవాని పక్కన నిలబడి, వాని చేతులు చూస్తూ నేర్వవలసిన పని.

ప్రభాకర్ కవితలు తెలిసినవారికి ఈ చీకటి గది సంగతి ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. అతని కవితలు చాలావరకు చిన్నవి. కొన్ని వాక్యాలలోనే ఒక దృశ్యాన్ని పట్టి మన ముందు పెడతాయి. కూలివాడు, బిచ్చగత్తె, వీధిలో తనను తాను అమ్ముకోవలసి వచ్చిన స్త్రీ, ఎన్నికల వేళ మాత్రమే గుర్తుకు వచ్చే పేదవాడు, ఇట్లా ఒక్కొక్కరి ముఖం ఒక్కొక్క కవితలో ఫోటోలోవలె నిలుస్తుంది. అవసరం లేని వెలుతురు ఒక్క చుక్క పడకుండా చూసుకునే స్టూడియో మనిషి జాగ్రత్త ఆ కవితలలో ఉంది. తెలుగులో మినీ కవిత అనే చిన్న కవితల పద్ధతి 1970లలో బాగా వ్యాపించింది. ఆ పద్ధతి అతనికి సరిపోయిందంటే అందుకు స్టూడియో అలవాటు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. పని నేర్పిన సిరిసిల్ల వారు అతనికి ఒక బతుకుతెరువు చూపించామని మాత్రమే అనుకొని ఉంటారు. తెలియకుండానే ఒక కవికి చూపు కూడా ఇచ్చారు.

పని చేతికి వచ్చిన తరువాత ప్రభాకర్ జగిత్యాల తిరిగి వచ్చి సొంతంగా ‘పూర్ణిమ’ అనే స్టూడియో పెట్టాడు. పగలు పెళ్ళి ఫోటోలు, దరఖాస్తు ఫోటోలు. మిగిలిన వేళ బొమ్మలు, కవితలు, మిత్రులు.

అవి మామూలు రోజులు కావు. వెట్టిచాకిరికి, దొరల పెత్తనానికి ఎదురు తిరిగి పల్లెలు లేచిన కాలం. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపుగా కదిలివచ్చారు. దానిని జగిత్యాల జైత్రయాత్ర అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే సంవత్సరం ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు వచ్చాయి. ఎన్నో కుటుంబాలు నలిగిపోయాయి. ప్రభాకర్ తొలి కవితా సంపుటి ‘ఎర్ర పావురాలు’ ఆ 1978లోనే వెలువడింది. మరుసటి ఏడాది ‘మంటల జెండాలు’ వచ్చింది. పేర్లను బట్టే ఆ కాలపు వేడి తెలుస్తుంది.

రక్తపాతపు మార్గాన్ని శ్రీసభ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. అయితే ఆకలిగొన్నవాని మొర నిజమైనది. పశువులను కాచుకుంటూ, మేడిపండ్లు ఏరుకుంటూ బతికిన ఆమోసును దేవుడు ప్రవక్తగా పిలిచినప్పుడు, పేదలను చెప్పుల జతకు అమ్ముకునేవారిని గూర్చి ఆయన మాట్లాడిన తీరు కూడ ధనవంతుల చెవులకు ఇంపుగా వినిపించలేదు. ప్రభాకర్ ప్రవక్త కాడు. కాని తన వీధిలో కన్నీరు పెట్టినవారిని చూసి కళ్ళు తిప్పుకోలేదు. ఇంతమాత్రం మనం కాదనలేము.

1979లో అతడు కరీంనగర్ చేరి ‘శిల్పి’ అనే స్టూడియో పెట్టాడు. 1981లో ‘చురకలు’ వచ్చింది. కవిత్వం పుస్తకం కొనగలిగినవారికే అందితే చాలదని అతని భావన. అందుకని కవితకు తగిన నలుపు తెలుపు బొమ్మ గీసి, రెండింటిని కలిపి ప్రదర్శనలు పెట్టేవాడు. దారిన పోయేవారు ఆగి, బొమ్మ చూసి, పక్కన ఉన్న నాలుగు మాటలు చదువుకొని వెళ్ళేవారు. మన గుడులలో సిలువమార్గపు పదునాలుగు స్థలాలు గోడకు ఉంటాయి కదా. చదువురాని అవ్వ కూడా బొమ్మ ముందు నిలబడి శ్రమల చరిత్ర అంతా గ్రహిస్తుంది. బొమ్మకు ఆ శక్తి ఉంది. ఆ శక్తి తెలిసినవాడు ప్రభాకర్. చిన్ననాటి బొమ్మ, జగిత్యాల మిత్రుల కవిత, సిరిసిల్ల చీకటి గది, ఈ మూడూ ఆ ప్రదర్శనలలో ఒకటైనాయి.

1983లో హైదరాబాదు వెళ్ళాడు. అక్కడ ‘చిత్రలేఖ’ స్టూడియో. 1985లో ‘రక్తరేఖ’, 1990లో ‘సంక్షోభ గీతం’ వచ్చాయి. ఆంధ్రజ్యోతి దినపత్రికలో ‘సిటీ లైఫ్’ పేరుతో దాదాపు ఆరేళ్ళు చిన్న చిన్న కవితలు రాశాడు. పొద్దున్నే టీ తాగుతూ పేపరు తిప్పేవారు ఆ నాలుగు పంక్తులు చదవనిదే పేజీ దాటేవారు కాదు. పట్నపు రద్దీ, అద్దె ఇళ్ళు, దవాఖానాలు, ఫుట్‌పాతులమీద నిద్రలు అన్నీ అందులో ఉండేవి. జగిత్యాల నుండి వెళ్ళినవాడు పట్నాన్ని కొత్త కంటితో చూశాడు. అక్కడే పుట్టినవారికి అలవాటైపోయి కనిపించనివి అతనికి కనిపించాయి. 1992లో ఆ కవితలు పుస్తకంగా వచ్చాయి.

అప్పటికే అతని ఊపిరితిత్తులను క్షయ పట్టింది.

క్షయకు కారణమైన క్రిమిని జర్మనీ వైద్యుడు రాబర్టు కోక్ 1882లోనే ప్రకటించాడు. 1940లలో మందు దొరికింది. 1980ల నాటికి కొన్ని నెలలపాటు మందులు విడువకుండా వాడితే నయమయ్యే జబ్బు అది. అయితే ఆ మందు వాడే మనిషికి కడుపునిండ తిండి కావాలి, విశ్రాంతి కావాలి, మధ్యలో మానకుండా చూసే మనుషులు కావాలి. కొంత నయమనిపించగానే మందు ఆపితే జబ్బు మరింత మొండిగా తిరిగి వస్తుంది. పేదరికంలో ఉన్నవానికి ఇవన్నీ ఒకేసారి సమకూరడం కష్టం. ప్రభాకర్‌కు అవి సమకూరలేదు. 1993 జనవరి 12న హైదరాబాదులో కన్నుమూశాడు. అతడు పుట్టిన తేదీ కూడా జనవరి 12వ తేదీయే. భార్య, చిన్న పిల్లలు మిగిలారు.

అంతమంది పాఠకులు, అంతమంది మిత్రులు ఉండి కూడా మందు ఉన్న జబ్బుతో ఒక కవి ఎందుకు పోయాడు? ఈ ప్రశ్న నన్ను వదలదు. ఎవరినీ నిందించడానికి అడగడం లేదు. అతని మిత్రులు ఎక్కువగా చిన్న జీతాలవారు. అతడు అభిమానం గలవాడు, చేయి చాచే స్వభావం కాదు. ఇక్కడ మనం నేర్వవలసినది ఒకటి ఉంది. మనిషి వరాన్ని పెంచే స్నేహం వేరు, మనిషి దేహాన్ని కాచే స్నేహం వేరు. కవితను మెచ్చుకోవడం సులభం. అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా అని రోజూ తలుపు తట్టడం కష్టం. రెండూ కలిస్తేనే స్నేహం పూర్తవుతుంది. నమ్మకమైన మిత్రుడు ప్రాణానికి ఔషధం వంటివాడన్న భావం సీరా జ్ఞానగ్రంథం ఆరవ అధ్యాయంలో ఉంది. మిత్రునికి ఔషధంతో పోలిక ఊరికే పెట్టలేదు.

మిత్రులు అతనిని మరువలేదు. పత్రికలలో, చిన్న సంపుటాలలో చెదిరి ఉన్న కవితలను ఏళ్ళ తరబడి ఓపికగా సేకరించారు. అతడు పోయిన ఇరవై ఏళ్ళకు, 2013లో, ‘అలిశెట్టి ప్రభాకర్ కవిత’ అనే పేరుతో ఒకే గ్రంథంగా తెచ్చారు. దాని వెనుక జయధీర్ తిరుమలరావు, నిజాం వెంకటేశం, బి. నర్సన్ వంటి మిత్రుల శ్రమ ఉంది. వీరిలో నిజాం వెంకటేశం సిరిసిల్లలో పుట్టినవారు, విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసినవారు, 2022లో కన్నుమూశారు. ఒక మిత్రబృందం చేతిలో మొదలైన కవిత్వం మళ్ళీ మిత్రబృందం చేతిలోనే భద్రమైంది. ఇప్పటి కళాశాల పిల్లలు అతని పంక్తులను గోడలమీద రాసుకుంటున్నారంటే, ఆ పుస్తకం దొరకడమే పెద్ద కారణం.

అపోస్తలుల కార్యములలో ఇటువంటి మిత్రుడు ఒకాయన ఉన్నారు. ఆయనే బర్నబా. మారుమనస్సు పొందిన సౌలును యెరూషలేములో ఎవరూ నమ్మలేదు, అందరూ భయపడ్డారు. బర్నబా అతని చేయిపట్టి అపోస్తలుల వద్దకు తోడుకొని వెళ్ళాడు. తరువాత సౌలు తన ఊరైన తార్సులో ఉండగా, బర్నబాయే వెదకుకుంటూ వెళ్ళి అంతియోకియాకు తీసుకొని వచ్చాడు. పౌలు గారి లేఖలను పూజలో చదువుతాము. బర్నబా వెళ్ళి తీసుకొని రాకపోతే ఏమయ్యేదని మాత్రం ఆలోచించము. వరం పౌలుదే. దారి చూపినవాడు బర్నబా.

ఇక నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. చెప్పక తప్పదు.

చాలా ఏళ్ళ క్రితం నేను ఉన్న ఒక విచారణలో ఒక పిల్లవాడు ఉండేవాడు. క్రిస్మసుకు పశువులపాక కట్టినప్పుడు దాని వెనుక తెరమీద బెత్లెహేము బొమ్మ గీశాడు. ఇజ్రాయేలు దేశపు ఇళ్ళు కావవి. మన పెంకుటిళ్ళు. గొల్లల భుజాన గొంగళ్ళు. ఒక ఇంటి కిటికీలోనుండి మగ్గం కనబడుతున్నది. పూజకు వచ్చినవారందరు బాగుందన్నారు. నేనూ బాగుందన్నాను. ఒక జపమాల, చేతినిండ మిఠాయిలు ఇచ్చి పంపాను. కొన్నాళ్ళకు తండ్రి వచ్చి, దుబాయి వీసా వచ్చింది, ఏం చేయమంటారు ఫాదరుగారూ అని సలహా అడిగాడు. ఇంట్లో అప్పు ఉంది. పంపమన్నాను. ఆ సలహా తప్పని ఇప్పటికీ అనలేను. అప్పు అప్పే.

కాని మా గుడికి నాలుగు అడుగుల దూరంలో సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టు దుకాణం ఒకటి ఉండేది. పిల్లవానిని చేయిపట్టి అక్కడికి తీసుకొని వెళ్ళి, వీనికి చేయి ఉంది చూడండి అని చెప్పే ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆ దుకాణం ముందునుండి రోజూ నడిచాను. ఇప్పుడు ఆ పిల్లవాడు పెద్దవాడైనాడు. అక్కడ భవనాల గోడలకు రంగులు వేసే పని చేస్తున్నాడు. ప్రతి క్రిస్మసుకు శుభాకాంక్షలు పంపుతాడు. ఒకసారి రంగు డబ్బా మూతమీద తాను గీసిన మరియతల్లి బొమ్మ ఫోటో పంపాడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా సిరిసిల్లలో ప్రభాకర్‌కు పని నేర్పిన ఆ స్టూడియో గుర్తుకు వస్తుంది. యజమాని ఇద్దరిని ఒకేచోటికి పంపాడు. పక్కపక్కనే ఉన్నారు. పరిచయం చేయవలసిన మూడవ సేవకుడిని నేను. నా పని నేను చేయలేదు.

ప్రియమైన తల్లిదండ్రులారా, యువతీయువకులారా, మన విచారణలలో ఇటువంటి బిడ్డలు ఇప్పుడూ ఉన్నారు. పాటల పుస్తకం అంచున బొమ్మలు గీసేవారు, డప్పు వినగానే వేళ్ళు కదిలేవారు, రాసిన కాగితం దాచుకునేవారు. వారికి బహుమతి ఇచ్చి పంపడంతో సరిపెట్టకండి. ఆ పని తెలిసినవారు ఊరిలో ఎవరున్నారో ఆలోచించి, వారి గడపకు తీసుకొని వెళ్ళండి. ఆ తెలిసినవారు మన మతస్థులే కానక్కరలేదు. అట్లాగే వీధిలో దగ్గుతూ, చిక్కిపోతూ, మొహమాటంతో చెప్పుకోలేని మనిషి ఉంటే సర్కారు దవాఖానాకు తోడుగా వెళ్ళండి. క్షయ మందులు ఇప్పుడు ఉచితం. పౌష్టికాహారం కోసం ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరులో దానిని 1000 చేసింది. మందు ఉంది, సొమ్ము ఉంది. తోడు వెళ్ళే మనిషే కావాలి.

ప్రభువు మనలను ఎవరి దారిలోకి పంపుతున్నాడో మనకు ముందుగా తెలియదు. ఎదురుపడినప్పుడు ఆగితే చాలు.